పేగు ఒప్పుకోని తీపి

తకువారా, ఆగస్టు 7, 1997

నీమియా,

మంచీ చెడ్డా తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒక్కదానికి సూటిగా జవాబు చెప్పు. నువ్వు బస్సులో పంపిన ఆ తీపి పొడి డబ్బాలు కొట్లో ఎన్నాళ్ల నుంచి మూలుగుతున్నాయి?

ఎందుకడుగుతున్నానంటే, మీ బావ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థన పోయిన శనివారం చేశాం. మెట్ల పీట కట్టి, తెల్లగుడ్డ పరిచి, పైన క్రిస్పీన్ ఫోటో పెట్టాను. మెట్ల నిండా చీపా రొట్టెలు, బొప్పాయి తీపి, వేరుశెనగ అచ్చులు. నీకు చెప్పానుగా, ఆ పీట మీద చక్కెర పలుకు కూడా పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. చక్కెర ముందు ఆయన కాలు తీసుకుంది, తర్వాత మనిషినే తీసుకుంది. దాన్ని తెచ్చి ఆయన ముఖం ముందు పెట్టమంటావా? అందుకే తీపివన్నీ నీ పొడితోనే చేశాను.

మన పద్ధతి నీకు తెలియనిది కాదు. పిల్లలు తినే ప్రతి ముక్కా పోయినవాడి పేరున ఒక ప్రార్థన. పీట ఖాళీ అయ్యేదాకా పిల్లల్ని ఇంటికి పంపకూడదు, మిగిలితే ఆయనకు అందాల్సింది అందనట్టే. పిల్లలు బాగా తిన్నారు. "ఇంకా ఉంది, తినండర్రా" అని నేనే తినిపించాను.

పొద్దు వాలకముందే మొదలైంది. ఒకడు పొట్ట పట్టుకున్నాడు, ఇంకొకడు పెరట్లోకి పరుగు. కాసేపటికి మా మరుగుదొడ్డి ముందు వరస. ఆగలేనివాళ్లు అరటి చెట్ల వెనక్కి పోయారు. బ్లాసిదా కొడుకు దెర్లిస్ ఉన్నాడే, ఐదేళ్ల వాడు, వాడికి కళ్లు పీక్కుపోయి ఆరోగ్య కేంద్రంలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు, దేవుడి దయ.

ప్రార్థన చదివిన పెద్దావిడ న్యా దిగ్నా మా వాకిట్లో నిలబడి అందరూ వినేలా ఏమందో తెలుసా? "పిల్లల కడుపులో నిలవని పలహారం ఆ మనిషి ఆత్మకూ అందలేదు. పైవాళ్లు ఆయన్ని ఇంకా రానివ్వలేదమ్మా." నా ఇంట్లో నిలబడి, నా కాఫీ తాగిన నోటితోనే అంది! ఆయన బతికున్నంతకాలం ఆవిడ కప్పు మీద పెంకులు సర్ది పెట్టిన మనిషి. ఆయన్ని రానివ్వలేదట.

పొడి సంగతి వెంటనే రాయి.

నీ అక్క
సునీల్దా


లంబారే, ఆగస్టు 19, 1997

అక్కా,

నీ ఉత్తరం బడిలో ఉండగా అందింది. అంటే పిల్లల కడుపులు పాడుచేసింది నేనన్నమాట! "ఎన్నాళ్ల నుంచి మూలుగుతున్నాయి" అని అడుగుతావా? నేను నీకు పాత సరుకు అంటగడతానా?

ఆ డబ్బాలు మందుల షాపులో కొన్నాను, సంత గట్టు మీద కాదు. డబ్బా మీద మన తీపాకు కాహేఎ బొమ్మ అంత పెద్దది ఉంది, నీకూ కనబడే ఉంటుంది. మన అమ్మమ్మ చల్లటి తెరెరె తేనీటి చెంబులో రోజూ నలిపి వేసిన ఆకే కదా అది. మన తాతముత్తాతల్లో ఎవరికైనా కాహేఎ తాగి విరేచనాలు పట్టుకున్నాయా? ఇంకా చెప్పాలంటే అదే పొడి నేను రోజూ కాఫీలో చెంచాడు వేసుకుంటున్నాను. నాకేం కాలేదు. టీచర్ల గదిలో అందరం వేసుకుంటున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు.

కోప్పడనంటే ఒక మాట. మీ బావికీ పందుల దొడ్డికీ మధ్య ఎంత దూరముంది? బావ మంచాన పడ్డప్పటి నుంచి ఆ దొడ్డి సంగతి చూసినవాళ్లు లేరు. ఒకసారి నీళ్లు పరీక్ష చేయించు. ఇందులో తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు, చదువుకున్నవాళ్లు చేసే పనే.

దిగ్నా మాటలు పట్టించుకోకు. ఆవిడ నోరు మనకు కొత్తా?

దెర్లిస్‌కి రంగు పెన్సిళ్లు పంపుతున్నాను.

నీమియా


తకువారా, సెప్టెంబరు 14, 1997

టీచరమ్మ గారికి,

పందుల దొడ్డి! పరాయివాళ్లు అంటే పడ్డాను. నా తోడబుట్టినది కూడా అదే అంటోంది.

నువ్వు చెప్పకముందే నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లారులే. గుడి కమిటీవాళ్లు ఆరోగ్య కేంద్రం అతన్ని వెంటబెట్టుకొచ్చి, సీసాలో నీళ్లు పట్టించుకుపోయారు. ఫలితం ఇప్పటికీ రాలేదు. వచ్చేదాకా ఎవరూ తాగకూడదని బావి గిలకకు ఎర్రగుడ్డ కట్టిపోయారు. ఆ బావి తవ్వింది క్రిస్పీన్. ఎండాకాలంలో ఊరు మొత్తం తాగింది ఆ నీళ్లే. ఇప్పుడు అటుగా పోయే ప్రతివాడూ ఆ గుడ్డ చూసి ముక్కు మూసుకుంటున్నాడు.

ఇంకా విను. ఆదివారం గుడి ముందు చెట్టు నీడన తెరెరె తాగుతూ కూర్చున్నారు. నేనూ వెళ్లి కూర్చున్నాను. అందరూ తాగే ఆ ఒక్క చెంబు చుట్టూ తిరుగుతూ నా పక్కనున్న ఆమె దాకా వచ్చింది. పోస్తున్న పిల్ల మళ్లీ నింపి, నన్ను దాటించి, నా అవతలి మనిషికి ఇచ్చింది. పుట్టిన ఊళ్లో, ఈ వయసులో, నా ముందు నుంచి చెంబు దాటిపోయింది నీమియా. చెంపమీద కొట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

అసలు దెబ్బ ఇంకొకటి. న్యా దిగ్నా ఏడాది ప్రార్థన చదవనని చెప్పేసింది. "ఆ ఇంటి పలహారం తినడానికి పిల్లలెవరూ రారు, పిల్లలు తినని ప్రార్థన నేనెందుకు చదవాలి?" అంది. బ్లాసిదా కూడా అదే మాట. ఆయన సొంత మేనకోడలు! ఏడాది ప్రార్థన లేకపోతే ఆయన అక్కడే, ఆ గుమ్మం దగ్గరే నిలబడిపోతాడని ఊరంతా చెప్పుకుంటోంది. నేను నమ్ముతానా లేదా అన్నది కాదు. ఆయన నమ్మేవాడు. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, "ఏడాదికి పిల్లలందర్నీ పిలుస్తావుగా?" అని అడిగాడు. పిలుస్తానన్నాను.

నువ్వు కాఫీలో చెంచాడు వేసుకుని సుఖంగా ఉండు. పెన్సిళ్లు వెనక్కి పంపుతున్నాను, బ్లాసిదా ముట్టుకోనంది. నాకు ఇక రాయకు.

సునీల్దా


లంబారే, నవంబరు 23, 1997

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చింపేసేముందు చదువు.

నువ్వు చెప్పింది నిజం కాదని నిరూపించాలని పంతం పట్టాను. అంత కోపం వచ్చింది నాకు. ఇంట్లో మిగిలిన డబ్బా పొడి మొత్తం వేసి బొప్పాయి తీపి చేసుకుని, పొద్దున్నే పళ్లెం నిండా తిని బడికి పోయాను. మూడో పీరియడ్‌లో నల్లబల్ల ముందు నిలబడి డిక్టేషన్ చెబుతుంటే కడుపులో బస్సు స్టార్టు చేసినట్టు మొదలైంది. ముందు బెంచీ పిల్లలు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. సుద్దముక్క పారేసి పరిగెత్తాను. ఆ రోజంతా నేను ఎక్కడున్నానో అడక్కు. హెడ్మాస్టరుకి ఏం చెప్పానో కూడా అడక్కు.

మా ఇంటికొచ్చేవి కుళాయి నీళ్లు అక్కా. ఇక్కడ పందుల్లేవు.

కోలుకున్నాక బావని చూసిన పెద్దాసుపత్రికి వెళ్లాను. అక్కడ చక్కెర జబ్బువాళ్లకు తిండి సంగతులు చెప్పే డాక్టర్ ఒవెలార్ గారు గుర్తున్నారా, బావ "ఏది అడిగినా వద్దంటుంది" అని తిట్టుకునేవాడు, ఆవిడే. డబ్బా చూపించి నిలదీశాను. ఆవిడ నవ్వలేదు. కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. నాకు అర్థమైనంత నీకు చెబుతాను.

మనం తిన్న మామూలు చక్కెరకు చిన్నపేగు గోడల్లో తలుపులున్నాయట. వచ్చిన దాన్ని వచ్చినట్టు లోపలికి లాక్కుని రక్తంలో కలిపేస్తాయి. బావకి చేటు చేసింది అదే. ఈ డబ్బాలో ఉన్నదానికి ఆ తలుపులు లేవు. దాని పేరు సార్బిటాల్. అది గోడల్లోంచి కొద్దికొద్దిగా ఊరి లోపలికి పోవాల్సిందే. చెంచాడైతే నెమ్మదిగా ఇంకిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. నా కాఫీ సంగతి అదే. గిన్నెలకు గిన్నెలు పడితే మాత్రం ఇంకనిదంతా పేగులోనే నిలబడి, ఒంట్లోని నీటిని తనవైపు గుంజుకుంటుంది. మిగిలింది పెద్దపేగులోకి జారితే అక్కడ కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. ఉబ్బరం, నొప్పి, పరుగు అన్నీ దానివల్లే. చిన్నపిల్లలది చిన్న ఒళ్లు, తక్కువకే తిరగబడుతుంది. కుళ్లింది ఏమీ లేదు, విషం అంతకన్నా లేదు. పేగు తీసుకోలేనిది పేగు బయటికి తోసేసింది, అంతే.

"మరి కాహేఎ?" అన్నాను. దాని తీపి సారం చిన్నపేగులో అసలు లోపలికే పోదట! పెద్దపేగు దాకా అలాగే నడిచిపోతే, ఆ సూక్ష్మజీవులే దాన్ని విడగొడతాయి. విడిపోయిన ముక్క అప్పుడు ఒంట్లోకి వెళ్లి, కాలేయం గుండా తిరిగి మూత్రంలో పోతుంది. కానీ దాని తీపికి చిటికెడు చాలు. చిటికెడు ఏ పేగునీ ఏమీ చేయదు. "ఈ డబ్బాలో కాహేఎ చిటికెడే ఉంది టీచర్ గారూ, తక్కిన బరువంతా సార్బిటాలే" అన్నారావిడ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మన అడవి ఆకు, మన అమ్మమ్మల ఆకు! దాని బొమ్మ అంత పెద్దది వేసి, లోపల ఇంకేదో పోసి, మనకే అమ్ముతారా? ఆ బొమ్మ చూసే కదా నేను కొన్నాను, నువ్వు నమ్మావు. ఇంకో దేశంవాడైతే అనుమానించి తిరగేసి చూసేవాడు. మనం తీపాకు బొమ్మ చూస్తే అమ్మని చూసినట్టు చూస్తాం.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. చిన్నప్పటి నుంచి ఆ ఆకు వాడినదానివి. రెండాకులు వేస్తే కుండెడు తీపెక్కుతుందని తెలిసినదానివి. అన్ని గిన్నెలు పోస్తుంటే నీకు తేడా అనిపించలేదా?

పందుల దొడ్డి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఉత్తరం గుడి దగ్గర అందరికీ చదివి వినిపించు.

నీ చెల్లెలు
నీమియా


తకువారా, ఏప్రిల్ 5, 1998

నీమియా,

ఇన్నాళ్లు రాయలేదంటే బతికున్నానో లేదో అనుకున్నావేమో. కోపంతో రాయలేదు. "తేడా అనిపించలేదా" అన్న ముక్క దగ్గర ఉత్తరం మడిచి గూట్లో పడేశాను. తిప్పి తిప్పి తప్పు నా చేతి కొలత మీదికే తెచ్చావుగా! అనిపించింది. ఎందుకనిపించదు? ఎంత కాచినా పాకం ఎర్రబడలేదు. నాలిక మీద వేసుకుంటే తీపి చాల్లేదు. పట్నంవాళ్లు పాలలోనే నీళ్లు కలుపుతారు, ఆకు పొడిలో ఏం కలిపారోలే అని ఇంకో రెండు గిన్నెలు గుమ్మరించాను. అందులో నా తప్పేమిటి? డబ్బా మీద ఆకు ఉంది. డబ్బా పంపింది నువ్వు.

సరే, గుడి దగ్గర చదివించాను. ఎందుకు చదివించానా అని ఇప్పటికీ ఏడుస్తున్నాను. బడిపిల్లాడు "చిన్నపేగుకు తలుపులు" అని చదవగానే మగవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. "దిగ్నా అత్తా, నీ పేగుకి గడియ పెట్టావా?" అని ఒకడు. న్యా దిగ్నా నవ్వలేదు. "చెల్లెలు అక్క కోసం రాసింది, అందులో ఏముంది? దెర్లిస్ చేతికి సూది గుచ్చింది మాత్రం నిజం" అంది. బ్లాసిదా లేచి వెళ్లిపోయింది.

నీళ్ల ఫలితం వచ్చింది, శుభ్రంగా ఉన్నాయట. అయినా ఎర్రగుడ్డ విప్పడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నేనే కోసి పొయ్యిలో పారేశాను.

చదివిన మాట నమ్మరు వీళ్లు. అయితే తిన్నది నమ్ముతారా లేదా చూస్తాను. నిన్న న్యా దిగ్నా ఇంటికి పోయి గుమ్మంలో నిలబడ్డాను. "అమ్మా, నా వంటిల్లు మురికన్నావు. నీ వంటింట్లో చేద్దాం. నీ గిన్నె, నీ నీళ్లు, నీ చెట్టు బొప్పాయి, గరిట తిప్పేది నువ్వే. పొడి మాత్రం నాది, మూత తీయని డబ్బా ఒకటి మిగిలింది. ఇద్దరం ఒకే పళ్లెంలో తిందాం. నీ కడుపు చల్లగా ఉంటే క్రిస్పీన్‌ని ఏమన్నా అనుకో, నోరెత్తను. లేదంటే ఆయన ఏడాది ప్రార్థన నువ్వే చదవాలి" అన్నాను.

ఆవిడ కళ్లెర్రజేసి, "నన్ను పరీక్షిస్తావుటే?" అంది.

"పరీక్ష నీకు కాదు, పొడికి" అన్నాను.

ఆలోచించుకుంటానంది. ఆవిడ కాదన్నా ఆ డబ్బా గుడి మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే తింటాను. చూసేవాళ్లు చూస్తారు.

సునీల్దా


లంబారే, మే 3, 1998

అక్కా,

నీకు మతి పోయిందా? న్యా దిగ్నాకి డెబ్బై దాటాయి! ఆవిడకి ఏమన్నా అయితే ఈసారి ఎర్రగుడ్డ బావికి కాదు, నీ మెడకే కడతారు. డాక్టర్ గారిని అడిగాను. చెరో రెండు మూడు ముక్కలు మించొద్దు, నీళ్లు దండిగా తాగించు, ఆవిడ గుండె మందులేమైనా వాడుతుంటే అసలే వద్దు అన్నారు. ఈ ఉత్తరం అందేదాకా పొయ్యి వెలిగించకు.

నీ చేతి కొలతను తప్పు పట్టలేదు. రాయడం చేతకాలేదు. తప్పు బొమ్మ వేసినవాడిది. షాపువాడితో గొడవ పడ్డాను, వాడు "లోపల ఏముందో వెనకాల రాసే ఉంది కదమ్మా" అన్నాడు. "ముందు బొమ్మ వేసి వెనక నిజం రాస్తావా?" అన్నాను. నాకు భూతద్దం అమ్మబోయాడు.

ఏడాది ప్రార్థనకు రావాలని ఉంది కానీ చీలమండ విరిగి కాలు పిండికట్టులో ఉంది, అప్పటికి కూడా బస్సు ప్రయాణం వద్దంటున్నారు. పలహారానికి నిజమైన కాహేఎ ఆకే వాడరాదూ? నీ ఒట్టూ నిలుస్తుంది, పిల్లల కడుపులూ నిలుస్తాయి.

జాగ్రత్త.

నీమియా


తకువారా, ఆగస్టు 2, 1998

చెల్లీ,

నీ ఉత్తరం ఆలస్యమైంది. బస్సు వంతెన దగ్గర ఆగిపోయింది, మేం ఆగలేదు.

న్యా దిగ్నా గుండె నా గుండె కన్నా గట్టిది. గరిట తనే తిప్పింది. "ఇదేమిటే, పాకం రంగెక్కదు?" అని ఆవిడే అంది. తిన్నాం. పౌరుషానికి పోయి నాకన్నా ఒక ముక్క ఎక్కువే తింది. తర్వాత కూర్చుని జపమాల తిప్పుకుంటున్నాం. సగంలో ఆవిడ పెదవులు ఆగాయి. ఇద్దరం ఒకేసారి లేచాం. మరుగుదొడ్డి ఒక్కటే కదా, వయసులో పెద్దదని ఆవిడకి వదిలేసి నేను జొన్నచేలోకి పోయాను. లోపలి నుంచి ఆవిడ కేక: "సునీల్దా! ఇది చచ్చినవాడి పని కాదే! ఇది ఆ డబ్బా ముండాకొడుకుల పనే!" కోడలు పరిగెత్తుకొచ్చింది, పక్కింటివాళ్లొచ్చారు. తలుపు వెనక నుంచే ఆవిడ అందరికీ పంచాయితీ చెప్పేసింది. అంత నీరసంలోనూ నాకు కడుపు నిండినట్టయింది.

మర్నాడు తెరెరె దగ్గర చెంబు నాకు తనే అందించింది. క్షమించమని అనలేదు. నేనూ నవ్వలేదు. ఏడాదిగా నన్ను కాల్చుకు తిన్నవాళ్లతో నవ్వులేమిటి? చెంబు తీసుకుని తాగాను, అంతే.

ఇక పలహారం. నీ మాట ప్రకారం కాహేఎ ఆకులు కషాయం పెట్టి బొప్పాయి ఉడికించాను. తీపి వచ్చింది కానీ పాకం రాలేదు. ముక్కలు చిట్లిపోయాయి, వెనక నుంచి చేదు. వేరుశెనగ అచ్చు కట్టనే లేదు, చేతిలోనే పొడి అయింది. రుచి చూడమని దెర్లిస్‌ని పిలిచాను. వాడు నా ముఖం చూస్తూ మర్యాదగా నమిలి, గోడ వెనక్కి పోయి ఉమ్మేశాడు. పిల్లలు ఉమ్మేసేది ఏం ప్రార్థన?

పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను నీమియా. ఒట్టు నిలబెట్టుకుంటే పిల్లలు తినరు. పిల్లలు తినాలంటే ఆయన్ని చంపినదాన్నే తెచ్చి ఆయన ముందు పెట్టాలి. చివరికి లేచి, బ్లాసిదా ఇంటికి పోయి చెరకు పాకం అడిగాను. ఆమె కుండ నింపి ఇచ్చింది. తనే మోసుకొచ్చింది కూడా.

పాకం ఎర్రగా పొంగుతుంటే ఇల్లంతా ఆ వాసనే. ఎంత కోపం వచ్చిందో! ఊరి మీద కాదు, డబ్బావాడి మీద కాదు, నీ మీద అసలే కాదు. ఆయన మీద. గరిట తిప్పుతూ ఫోటోని తిట్టాను, బ్లాసిదా వింటున్నా ఆగలేదు. "నువ్వు చెంచాడు చక్కెర కూడా ముట్టకుండా నేను పోలీసులా కాపలా కాశాను. కాళ్లు పట్టుకుని చెప్పాను. మంచం కింద దాచుకుని తిన్నావు. కాలు పోయాక కూడా తిన్నావు. నన్ను ఒంటరిదాన్ని చేసి పోయావు. ఇప్పుడు చూడు, కుండలకు కుండలు కాస్తున్నాను. తిను!" అన్నాను. బ్లాసిదా నా చేతిలోంచి గరిట తీసుకుని తను తిప్పింది.

శనివారం న్యా దిగ్నా చదివింది. పిల్లలందరూ వచ్చారు. పక్క ఊరివాళ్లూ వచ్చారు. పీట మీద ముక్క మిగల్లేదు. దెర్లిస్ మూతి నిండా పాకమే, బ్లాసిదా తన చేత్తోనే పెట్టింది. ఎవరూ పెరట్లోకి పరిగెత్తలేదు. చీకటి పడకముందే ఆడుకుంటూ ఇళ్లకు పోయారు.

అందరూ వెళ్లాక గిన్నె అడుగున ఒక ముక్క అంటుకుని కనబడింది. ఆయన పోయినప్పటి నుంచి చక్కెర నా నోట్లోకి పోలేదు. ఇంకా కోపం తగ్గలేదు నాకు, తగ్గుతుందని కూడా అనుకోను. అయినా ఆ ముక్క ఎవరో ఒకరు తినాలి కదా ఆయన కోసం. నేనే తిన్నాను.

నీ కాలు బాగయ్యాక రా.

అక్క
సునీల్దా